పంచాంగం పక్కన పోటు వేళ కూడా అచ్చు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో రోజూ ఒక మూల తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, సూర్యోదయ సూర్యాస్తమయాలు వేస్తారు. ఆ మూలనే ఇంకొక్క వరుస చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం. బందరు (మచిలీపట్నం) తీరంలో ఆ రోజు పోటు, అంటే సముద్రపు నీరు ఎక్కి నిండేది ఎన్ని గంటలకు, పాటు, అంటే దిగిపోయేది ఎన్ని గంటలకు అన్నదే ఆ వరుస. విజయవాడ, గుంటూరుల నుంచి దివిసీమ లంకలకూ పాత ఓడరేవులకూ బయలుదేరే విహారయాత్రల మంచిచెడ్డలు సగానికి పైగా దాని మీదే ఉన్నాయి. అదెలాగో వివరంగా చెప్పాలి కాబట్టి ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించాలి.

కార్తీకం వచ్చిందంటే వనభోజనాల బస్సులు, సంక్రాంతి సెలవులొస్తే బడి పిల్లల బస్సులు నాగాయలంక, హంసలదీవి దారి పడతాయి. ఉదయం 7 గంటలకు బెజవాడలో బయలుదేరడం, దారిలో టిఫిన్లు, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం, మధ్యాహ్నానికి ఏటి ఒడ్డుకు చేరడం, భోజనాలయ్యాక పడవ. ఏ ఆదివారమైనా ఇదే వరుస. ఒక ఆదివారం యాత్ర హాయిగా సాగుతుంది. మరుసటి ఆదివారం అదే పడవ, అదే సరంగు, అదే కాలువ, అయినా నీటి అడుగున పేరుకున్న మేట మీద ఎక్కి మూడు నాలుగు గంటలు కదలదు. జనం సరంగును తిడతారు. తప్పు అతనిది కాదు, బస్సు బయలుదేరిన వేళది.

పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు మధ్యాహ్నం 12 గంటలకు నిండు పోటు ఉంటే రేపు 12.50కి, ఎల్లుండి 1.40కి వస్తుంది. రోజుకు 50 నిమిషాల చొప్పున 7 రోజులకు దాదాపు 6 గంటలు జరుగుతుంది. కాబట్టి ఈ ఆదివారం మధ్యాహ్నం నిండు పోటు ఉన్న చోట వచ్చే ఆదివారం అదే వేళకు నీరు పూర్తిగా లాగేసి ఉంటుంది. పై ఆదివారానికి మళ్ళీ పోటు. ప్రతి వారం ఒకే వేళకు పడవ ఎక్కించే యాత్ర వారం విడిచి వారం చిక్కుల్లో పడేది ఇందుకే. తిథి చంద్రుడి లెక్క, పోటూ చంద్రుడి లెక్కే. ఒక రేవులో ఒక తిథికి పోటు దాదాపు ఒకే వేళకు వస్తుంది. అందుకే బెస్తవారు గడియారం చూడకుండా తిథి చెప్పి నీటి సంగతి చెప్పేస్తారు. పోటు వేళకు మీ పత్రికలో పంచాంగం మూలే సరైన చోటు.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కి దిగే ఎత్తు సుమారు మీటరు నుంచి మీటరున్నర దాకా ఉంటుంది. అష్టమి, నవమి నాటికి అది దాదాపు సగానికి తగ్గుతుంది. ఉదాహరణకు, కాలువ సముద్రంలో కలిసే మొగలో మేట మీద పాటు వేళ 40 సెంటీమీటర్ల నీరే ఉందనుకుందాం. ఆ రోజు నీరు 90 సెంటీమీటర్లు ఎక్కుతుందనుకుందాం. ఇరవై మంది ఎక్కిన పడవ నీటిలో 60 సెంటీమీటర్లు మునుగుతుంది. అడుగునా ఇంజను పంకాకూ 30 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మొత్తం 90 కావాలి, ఉన్నది 40. ఇంకో 50 ఎక్కాలి. నీరు ఎక్కడం గంట గంటకూ ఒకేలా ఉండదు. మొత్తం ఎక్కేదాన్ని 12 వంతులు చేస్తే మొదటి గంటలో 1 వంతు, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1. మూడు గంటలకు 6 వంతులు, అంటే 45 సెంటీమీటర్లు. 50 కావాలంటే పాటు తర్వాత 3 గంటల 15 నిమిషాలు ఆగాలి. అటు పోటు తర్వాత దిగేటప్పుడూ ఇదే లెక్క. ఈ రెంటి మధ్య మేట దాటడానికి మిగిలేది ఆరు గంటలకు కాస్త తక్కువ. రాకపోకలు రెండూ ఆ ఆరు గంటల్లోనే అయిపోవాలి. ముప్పై మందిని ఎక్కించి పడవను ఇంకో 10 సెంటీమీటర్లు ముంచితే ఆ వ్యవధి ఇంకా కుంచించుకుపోతుంది. జనాన్ని ఎక్కువ ఎక్కిస్తే మునుగుతామన్న భయం అందరికీ ఉంటుంది. మునగకపోయినా మేట మీద కూర్చుంటామన్నది చాలామందికి తోచదు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. మడ అడవి కాలువల్లోకి ఎప్పుడూ పోటు ఎక్కుతుండగానే వెళ్ళాలి. పోటు ఎక్కేటప్పుడు మేట తగిలితే పదిహేను నిమిషాల్లో నీరే పడవను లేపుతుంది. పాటు దిగేటప్పుడు తగిలితే నిమిషనిమిషానికీ పడవ ఇంకా గట్టిగా కూర్చుంటుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. అప్పుడు దిగి తోద్దామని కుర్రాళ్ళు దూకుతారు. అక్కడ అడుగున ఉండేది ఇసుక కాదు, మోకాలి దాకా దిగబడే ఒండ్రు. ఇంజను వెనక్కి తిప్పి లాగితే పంకా లేపిన బురద చల్లదనానికి నీరు పీల్చే గొట్టంలోకి పోయి ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. పడవ ఆగితే ఇంజను ఆపి, లంగరు వేసి, జనాన్ని సమంగా కూర్చోబెట్టి నీటి కోసం ఎదురుచూడటమే పద్ధతి. ఆ వేళకు ఒక్కొక్కరికి కనీసం 2 లీటర్ల మంచినీళ్ళు పడవలో ఉండాలి. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, గుక్కెడు తాగడానికి పనికిరావు.

ఇంతా చేసి ఆ లంకల దాకా ఎందుకు వెళ్ళాలి, అక్కడ ఏముంది అని అడిగేవారికి చెప్పాల్సింది చాలా ఉంది. ఇప్పటి యాత్రల్లో రెండో లోటు అదే. విజయవాడ వాళ్ళు రోజూ తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై హైదరాబాదు మీదుగా వచ్చి మచిలీపట్నంలో ముగుస్తుంది. గోల్కొండను దాని ఓడరేవుతో కలిపిన పాత బాట దాదాపు ఇదే దారిన సాగింది. అద్దకం బట్టలు, వజ్రాలు, నీలిమందు ఈ దారిన సముద్రానికి దిగేవి. ఈ బాట మీద తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కృష్ణ కుడి గట్టున కొల్లూరు వజ్రాల గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. ఆ దారిలోనే వచ్చే పరిటాల కూడా వజ్రాలు దొరికిన నేలే. హైదరాబాదు వైపు నుంచి వచ్చే బస్సు అక్కడ ఆగకపోయినా ఫరవాలేదు, వేగం కాస్త తగ్గించి కిటికీలోంచి చూపించినా చాలు.

ఇంతకన్నా పాత దారి కృష్ణ నది. నాగార్జునకొండ, అమరావతి, ఘంటసాల ఒకే నీటి బాట మీది మూడు మజిలీలు. ఇది ఊహించి చెప్పే మాట కాదు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ఇక్ష్వాకుల కాలపు శాసనంలో ఆమె చేసిన దానాల జాబితా ఉంది. అందులో కంటకసెలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం ఒకటి. కంటకసెల అంటే మన ఘంటసాలే. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ మైసోలియా (కృష్ణ ముఖద్వారం చుట్టుపక్కల) తీరంలో చెప్పిన కొంటకొస్సిల కూడా ఇదేనని పండితులు గుర్తించారు. ఘంటసాలలో దొరికిన శాసనంలో మహానావికుడి ప్రస్తావన ఉంది. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో శాతవాహనులు వేసిన సీసపు నాణేలు ఈ తీరంలో దొరికాయి. నాగార్జునకొండలో రోమను బంగారు నాణేలు దొరికాయి. ఇవన్నీ ఒక్క గొలుసులోని కడియాలు. విడివిడిగా చూపిస్తే ఒకచోట స్తూపం, ఇంకోచోట మ్యూజియం, మరోచోట బీచి అన్నట్టే మిగులుతుంది. ఎగువ నుంచి దిగువకు, నీరు పారిన వరుసలో చూపిస్తే ఏడో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది.

ఘంటసాలలో దిగగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న సముద్రం ఎక్కడ అని. చుట్టూ వరిచేలే. సముద్రం అక్కడికి పదిహేను కిలోమీటర్లకు పైనే. కృష్ణ తెచ్చిన ఒండ్రు వేల ఏళ్ళుగా తీరాన్ని ముందుకు జరుపుతూ వచ్చింది. రేవులు ఒక్కొక్కటే లోపలికి పడిపోయాయి, ఓడలు కొత్త మొగలు వెతుక్కున్నాయి. ఈ సంగతి ఘంటసాల దిబ్బ దగ్గరే చెప్పి, సాయంత్రం దివిసీమ చివర పడవ ఆగిన మేటను చూపించి, ఆ రేవును మూసింది ఇదే ఒండ్రు అంటే చాలు. యాత్ర మొత్తానికి అంతకు మించిన పాఠం ఉండదు. అక్కడి శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోలు పెద్ద సైజులో తీసి ఊళ్ళో ఒక గోడకు పెట్టినా వచ్చినవాళ్ళు ఐదు నిమిషాలకు బదులు అరగంట నిలబడతారు.

గుంటూరు వైపు నుంచి వచ్చేవారికి ఇంకో మంచి దారి ఉంది. తెనాలి, వేమూరు మీదుగా భట్టిప్రోలు స్తూపం చూసుకుని రేపల్లె చేరి, పెనుమూడి వద్ద కృష్ణ వంతెన దాటితే పులిగడ్డ. నది రెండు పాయలుగా చీలి దివిసీమను లంకగా చేసేది ఆ పులిగడ్డ దగ్గరే. విజయవాడ చుట్టూ తిరిగి రావలసిన పని లేదు. భట్టిప్రోలులో బుద్ధుడి ధాతువులు (అస్థికలు) ఉంచిన కరండాల, అంటే భరిణెల మీది బ్రాహ్మీ అక్షరాలు మన లిపి చరిత్రలో ఎంత ముఖ్యమో మీ పాఠకులకు తెలిసిందే. ఒక పూట మిగిలితే నిజాంపట్నం దాకా వెళ్ళి రావచ్చు. పెట్టపోలి అన్న పేరుతో యూరపు వర్తకులకు తెలిసిన రేవు అదే. ఇంగ్లీషు వారి గ్లోబ్ ఓడ 1611లో మొదట అక్కడ ఆగి తర్వాత బందరు వెళ్ళింది. వారంలో ఏ రోజైనా సరే, శుక్రవారం మాత్రం వద్దు. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకు ఆ రోజు సెలవు. ఇది చూసుకోక పిల్లలను తాళం వేసిన తలుపు దగ్గరికి తీసుకెళ్ళే బడులు ఇప్పటికీ ఉన్నాయి.

మోటుపల్లి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చినగంజాం దగ్గర, బాపట్ల జిల్లాలో ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం సముద్ర వ్యాపారం గురించి తెలుగు నేల మీద ఉన్న గొప్ప సాక్ష్యాల్లో ఒకటి. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకునంతా లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం 30కి 1. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు ఏవేవి వచ్చేవో ఆ శాసనంలోనే తెలుస్తుంది. తర్వాత 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా ఆ రేవులో వర్తకులకు శాసనం వేయించాడు. మార్కో పోలో ముట్ఫిలి అని రాసింది ఈ ఊరినే. ఇంతటి రేవుకు వెళితే ఆ శాసనంలో ఏముందో వాడుక తెలుగులో పది వాక్యాలు చదువుకునేందుకు ఒక మంచి పలక ఉండాలి. రాతి మీది అక్షరాలు మామూలు యాత్రికుడు చదవలేడు. యాత్ర నడిపేవారు ఆ పది వాక్యాలు ఒక కాగితం మీద అచ్చువేయించి బస్సులో పంచితే రూపాయి ఖర్చు. ఆలోచన లేక ఆగిపోతున్న పనులివి.

బందరులో అందరూ మంగినపూడి బీచికే పోతారు. వద్దనడం లేదు, ముందు రెండు గంటలు ఊళ్ళో గడపాలి. డచ్చివారి సమాధుల తోటలో రాళ్ళ మీద చెక్కిన వంశ చిహ్నాలను పొద్దున 9 లోపు, లేదా సాయంత్రం 4 తర్వాత చూడాలి. ఎండ ఏటవాలుగా పడినప్పుడే చెక్కడం లోతు కనబడుతుంది. నడినెత్తి ఎండలో అవి ఉత్త నల్ల రాళ్ళే. తర్వాత బందరు కోట, పెడనలో కలంకారీ అచ్చులు. పెడనలో అద్దకం చూడాలనుకుంటే ఎండ ఉన్న రోజు వెళ్ళాలి. ముసురు పట్టిన రోజు బట్టలు ఆరవు, పని సాగదు, చూడటానికి ఏమీ ఉండదు.

బందరు రేవు సంగతి తెలిస్తే పడవ ప్రయాణంలో జాగ్రత్తలు కూడా తెలుస్తాయి. అక్కడ సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. సరుకూ జనమూ ఒడ్డుకు చేరింది చిన్న పడవల్లో. కెరటం విరిగే చోట నడవడానికి ఈ తీరంలో మసూలా పడవలు వాడేవారు. వాటికి మేకు ఉండదు. పలకకూ పలకకూ అంచుల్లో వరుసగా బెజ్జాలు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద గడ్డి దట్టించేవారు. మేకులు కొట్టిన పడవ నేలకు తగిలిన దెబ్బకు బిగుసుకుని పగులుతుంది. కుట్టిన పడవ వంగి లేస్తుంది. నీరు కొంచెం కారినా తోడిపోసుకోవచ్చు. అంటే ఈ తీరంలో అసలు ప్రమాదం నడి సముద్రంలో లేదు, ఒడ్డు దగ్గరా మొగ దగ్గరా ఉందని ఆ పడవ కట్టినవారికి తెలుసు. ఈనాటికీ అంతే. ఏటి పాటు బయటికి తోస్తుంటే సముద్రపు కెరటం లోపలికి తోసుకొచ్చే చోట నీరు నిటారుగా లేచి విరుగుతుంది. గట్టు మీది నుంచి చూస్తే తెల్లటి గీతలా కనబడుతుంది. ఆ గీత దాటి సముద్రంలోకి తీసుకెళతామని ఏ సరంగైనా అంటే వద్దనాలి. చూడాల్సిన మడ అడవి అంతా మొగకు ఇవతలే ఉంది.

ఇక నెలల సంగతి. కార్తీకంలో ఏటికి పోవడం మన ఆచారం. కానీ మన తీరానికి తుఫానులు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన రెండూ కార్తీకంలోవే. మొదటిది అమావాస్య వెళ్ళీ వెళ్ళని రోజుల్లో, పోటు పెద్దగా ఉన్నప్పుడు వచ్చింది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయింది కూడా కార్తీక ఆదివారమే. దానికి గాలివాన కారణం కాదు, పండగ రద్దీ. కాబట్టి వనభోజనాలు గట్టు మీదా తోటల్లోనూ చేసుకుని, లంకల పడవ ప్రయాణం డిసెంబరు మూడో వారం నుంచి మార్చి మధ్య దాకా పెట్టుకోవడం మంచిది. గాలి నెమ్మదిగా ఉంటుంది, ఎండ భరించవచ్చు, వలస పక్షులుంటాయి. ఉదయం 8 దాకా మంచు ఉండే రోజుల్లో మాత్రం మంచు విడిచాకే పడవ కదలాలి. ఏప్రిల్ నుంచి వడగాలి. జులై నుంచి అక్టోబరు దాకా వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. విహార పడవలకు ఆ అంకెలు కొలబద్ద కావు. అవి గట్ల కోసం, లంక గ్రామాల కోసం పెట్టినవి. బ్యారేజీ గేట్లు ఎత్తి నీరు వదులుతున్నారంటే చాలు, దిగువన విహారం ఆపేయాలి. వరద నీటితో గుర్రపుడెక్క, చెట్ల మొద్దులు వస్తాయి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర విహార పడవ మునగడం అందరం చూశాం. అది వరద మీదున్న నది. వరద తీశాక మేటలు పాత చోట ఉండవు. అందుకని సీజను మొదట్లో జనం లేకుండా ఒక పడవ గెడ వేసి లోతు చూసుకుంటూ కాలువ మొత్తం తిరిగి రావాలి. గెడ మీద పది సెంటీమీటర్లకో రంగు గీత ఉంటే ఆ పని ఒక పూటలో అవుతుంది.

రేవులో పడవ ఎక్కే ముందు చూసుకోవలసినవి కొన్నే, కానీ ఎవరూ చూడనివి. అందరూ ఎక్కాక పడవ అంచుకూ నీటికీ మధ్య మూరెడు ఎత్తు మిగలాలి. జానెడే మిగిలితే కొందరు దిగాలి. లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. అది చెవుల దాకా లేస్తే వదులు, నీటిలో పడితే మనిషి జారిపోతాడు. పెద్దవారి జాకెట్ పిల్లకు తొడిగితే జరిగేది ఇదే, అందుకని పిల్లల సైజువి విడిగా ఉండాలి. జాకెట్ మీద కూర్చుని వెళ్ళడం మన దగ్గర మామూలు, అది మాన్పించాలి. పడవ కప్పు మీద ఎవరినీ ఎక్కించకూడదు. అడుగున పది మంది ఉండి పైన పది మంది ఎక్కితే బరువంతా పైకి పోయి చిన్న ఊపుకే పడవ ఒరుగుతుంది. దానికి తోడు ఎవరో అదిగో కొంగల గుంపు అంటారు, అందరూ ఒకే పక్కకు ఫోనులు పట్టుకుని లేస్తారు. పడవలు తిరగబడేది చాలాసార్లు ఈ ఒక్క క్షణంలోనే. ఎడమ పక్కవారు ముందు చూస్తారు, పడవ తిప్పాక కుడి పక్కవారు చూస్తారు అని బయలుదేరే ముందే చెప్పి ఎక్కించాలి. ఇంజనుకు వల దారం చుట్టుకోవడం ఈ కాలువల్లో మామూలే. పదునైన కత్తి ఒకటి, అదనపు గెడలు రెండు, లంగరు, పొడుగాటి తాడు ఉన్నాయో లేదో అడిగితే సరంగు కోప్పడడు. మంచి సరంగు అయితే తానే చూపిస్తాడు. తీర రక్షక దళం నంబరు 1554 పడవలో అందరికీ కనబడేలా రాసి ఉండాలి.

మడ అడవి కృష్ణా అభయారణ్యంలోది. 194 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. లోపలికి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అక్కడికి వెళ్ళాక అనుమతి అడిగితే రోజు పోతుంది. దిగి నడిచేచోట చెప్పులు పనికిరావు. ఒండ్రు చెప్పును పట్టుకుని వదలదు, వట్టి కాలు పెడితే మడచెట్ల శ్వాస వేర్లు మొలల్లా గుచ్చుకుంటాయి. తాళ్ళు కట్టే గుడ్డ బూట్లు మేలు. పడవ ఇరుకు కాలువలో పోతున్నప్పుడు పిల్లలు కొమ్మలు విరుస్తారు. తిల్ల చెట్టు విరిస్తే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడితే రుద్దకుండా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి నేరుగా ఆసుపత్రికి పోవాలి. జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఆ ఇసుక తిన్నెల మీద రాత్రి మంటలు, లైట్లు ఉండకూడదు. వెలుతురు ఉంటే తల్లి తాబేలు ఒడ్డెక్కక వెనుదిరుగుతుంది, గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు కాక దీపం వైపు పాకి చస్తాయి. ఏటిమొగ నుంచి పంటు (బల్లకట్టు) మీద ఎదురుమొండి లంకకు వెళ్ళేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అది యాత్రికుల కోసం పెట్టిన పంటు కాదు. ఆ లంక జనానికి బడి, ఆసుపత్రి, సంత అన్నీ దాని మీదే. ఉదయం, సాయంత్రం వాళ్ళ రద్దీ వేళల్లో నాలుగు కార్లు ఎక్కించి పంటు నింపేయడం ధర్మం కాదు.

ఇప్పుడు అడగదలచిన మూడు పనులు. మొదటిది మీ చేతిలోనే ఉంది, పోటు వేళల వరుస. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన తీరానికి పోటు పాటుల అంచనాలు, కెరటాల ఎత్తు హెచ్చరికలు ఎవరైనా చూసుకునేలా ఇస్తోంది. వాటిలోంచి రోజుకు నాలుగు అంకెలు తీసుకుంటే చాలు. రెండోది నాగాయలంక, ఏటిమొగ రేవుల్లోనూ పడవలు దాటే మేట దగ్గరా కొలత స్తంభాలు. పది సెంటీమీటర్లకో పట్టీ ఎరుపు తెలుపు రంగులు వేసిన సిమెంటు స్తంభం నీటిలో పాతితే, పడవ ఎక్కబోయే టీచరు కూడా గట్టు మీది నుంచే నీరు ఎంతుందో, ఎక్కుతోందో దిగుతోందో ఐదు నిమిషాల్లో తెలుసుకుంటుంది. పక్కన బోర్డు మీద ఈ స్తంభం ఫలానా గీత దాకా మునిగితేనే పడవలు కదులుతాయి అని రాయాలి. మూడోది యాత్ర ప్రకటనల్లో బయలుదేరే వేళ తేదీ తేదీకీ మారాలి. ఉదయం పోటు ఉన్న రోజు నేరుగా రేవుకు వెళ్ళి పడవ ముగించి, తిరుగు దారిలో ఘంటసాల, బందరు చూడాలి. మధ్యాహ్నం పోటు ఉన్న రోజు అవి ముందు, పడవ తర్వాత. గుడి, స్తూపం, కోట మన కోసం ఆగుతాయి, నీరు ఆగదు.

ఆ వరుస వేసేటప్పుడు చిన్న వివరం ఒకటి. సముద్రపు ఒడ్డున పోటు నిండిన వేళకు లోపలి కాలువల్లో నిండదు. మొగ నుంచి ఎంత లోపలికి ఉంటే అంత ఆలస్యం. అందుకని “ఇవి బందరు తీరం వేళలు, నాగాయలంక కాలువల్లో ఆలస్యంగా వస్తుంది, రేవులో అడిగి కలుపుకోవాలి” అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఉండాలి. ఎంత కలుపుకోవాలో రేవులో ఏ బెస్త పెద్దను అడిగినా చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ